దండ వేసిన సర్వర్

నిజామాబాద్. దసరా తర్వాత మూడో రోజు, రాత్రి.

ఇవాళ తప్పు నాదే. దసరా ముందురోజు ఆఫీసులో ఆయుధపూజ చేసి, సర్వర్ ఆపి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాం. సెలవులయ్యాక ఈ పొద్దున దాన్ని ఆన్ చేయబోతే అటెండరు లక్ష్మక్క అడ్డం వచ్చింది.

"సారొచ్చి దండ తీసినంకనే ముట్టాలె మేడం. గట్ల నడుమ తీస్తె మంచిది గాదు."

సారు మధ్యాహ్నానికి గానీ రారు. మిగతా కంప్యూటర్లలో ఇంటర్నెట్ వస్తూనే ఉంది కదా అని ఊరుకున్నాను.

పదకొండింటికి ఒక్కొక్క కంప్యూటర్లో ఇంటర్నెట్ ఆగిపోతూ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. వాటన్నిటికీ నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చేది ఆ సర్వరే, అదీ నాలుగు రోజుల గడువుతో; చివరిసారి ఇచ్చింది పూజ రోజు పొద్దున. సగం గడువు దాటగానే కంప్యూటరు పొడిగించమని తనంతట తానే అడుగుతుంది. జవాబు రాకపోతే మళ్లీ అడుగుతుంది. ఈలోగా పాత అడ్రస్‌తోనే పని నడుస్తుంది. గడువు తీరితే అదీ పోతుంది.

సారు వచ్చి నవ్వారు. "అన్నిటికీ మొక్కినం గని, ఏది ఏం పని చేస్తదో మర్చిపోయినం." దండ తీశారు. సర్వర్ ఆన్ చేశాను. కాసేపటికి అన్నీ మామూలైపోయాయి.

నా కాంట్రాక్టు మార్చితో తీరుతుంది. సగం గడువు దాటింది. పొడిగించమని రెండుసార్లు కాగితం పెట్టాను, జవాబు లేదు. ఇవాళ సారును అడుగుదామనుకుని కూడా అడగలేకపోయాను.

పదకొండింటి దాకా ఆ కంప్యూటర్లు కూడా ఏ లోటూ లేనట్టే పనిచేశాయి. రేపు పదింటికి నేనూ వెళ్లి నా సీట్లో కూర్చుంటాను.