మామ్మగారు ఎలా చెప్పింది?

అక్కకి,

చెల్లి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే నేనొక్కదాన్నే కదా! సరే, ఆ ఒక్కదానికీ ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, బావగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. బావగారి మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కొద్దంటే ఆయన వినరు, నాకు తెలుసు.

నీ ఉత్తరం అందింది. "ఫోన్లో అయితే గుక్క తిప్పుకోకుండా అబద్ధాలు చెప్తావు, అందుకే రాయమంటున్నా" అన్నావు. రాతలో అబద్ధాలాడలేనన్న నీ నమ్మకానికో దండం. నువ్వు అడిగినవాటికి జవాబులు: దగ్గు తగ్గింది. కిటికీ ఇంకా బాగుచేయలేదు. ఇంటి ఓనరు రేపు రేపంటున్నాడు, నేనే అట్టముక్క అడ్డం పెట్టుకున్నా. వంట చేసుకుంటున్నా. పొద్దున వండిందే రాత్రికీ తింటున్నా, ఒక్కదాని కోసం రెండుసార్లు పొయ్యి వెలిగించబుద్ధి కాదు. పక్కింటివాళ్ళతో పరిచయమైందా అంటే, తలుపు వేసుకునే చప్పుడుతో మాత్రం బాగా పరిచయమైంది.

"పొద్దస్తమానం మాట్లాడే ఉద్యోగం, నీకేం దిగులే?" అని కూడా రాశావు. నవ్వొచ్చింది. ఈ పరాయి దేశపు ఆస్పత్రిలో నేను మాట్లాడే మాట ఒక్కటీ నాది కాదక్కా. తెలుగు తప్ప రాని రోగి ఏమంటే అది ఇంగ్లీషులో డాక్టరుకి చెప్పాలి, డాక్టరు ఏమంటే అది తెలుగులో రోగికి చెప్పాలి. పని అవగానే ఇద్దరూ నన్ను మర్చిపోతారు. తప్పు వాళ్ళది కాదులే. ఇంటికొచ్చి తాళం తీశాక మాత్రం, పొద్దున్నుంచి నోరు నొప్పెట్టేలా మాట్లాడి కూడా ఎవరితోనూ మాట్లాడనట్టే ఉంటుంది.

ఈ మధ్య ఒక మామ్మగారు చేరింది. కడుపులో గడ్డ. ఒకసారి కోశారు, మళ్ళీ కోయాలంటున్నారు. ఇక్కడ కొడుకు దగ్గర ఉంటోంది. కొడుక్కి ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ, ఇలాంటి విషయాల్లో ఇంటివాళ్ళ చేత చెప్పించరు, బయటి మనిషే ఉండాలి. అలా నేను వెళ్ళాను. వెళ్ళిన మొదటిరోజే "ఏమే పిల్లా, తిన్నావా?" అంది. తిన్నానన్నా. "ఆ మొహం చూస్తే తెలీట్లా!" అంది. ఇక చూడు, పని లేకపోయినా ఆవిడ మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఒకరోజు "ఇదేం జడే, ఎలుకతోకలా" అని విప్పేసి మళ్ళీ అల్లింది. నా తల ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో! బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చొచ్చాను.

పోయిన సోమవారం డాక్టరు ఆపరేషన్ సంగతి ఎత్తాడు. ఆవిడ దుప్పటి మడతపెడుతూ, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా, "నాకొద్దు బాబూ. ఇంటికి పంపించెయ్యండి" అంది. నేను చెప్పాను. కొడుకు ఒప్పుకోలేదు. "అమ్మ భయపడుతోంది, అంతే" అన్నాడు.

ఇలా తల్లొకటీ కొడుకొకటీ అంటే నేను రిపోర్టు రాయాలి. రోగి ఏమందో రాస్తే చాలదు, ఎలా అందో కూడా రాయాలి. ఆ గదిలో లేని ఇద్దరు పెద్ద డాక్టర్లు అది చదివి తేలుస్తారు. మనిషి ఊగిసలాడుతోందనిపిస్తే ఉంచేసి ఇంకొన్ని వారాలు నచ్చజెప్తారు. గట్టి నిర్ణయమే అనిపిస్తే పంపేస్తారు.

కంప్యూటర్ ముందు కూర్చున్నా. ఇంగ్లీషులో ఇలాంటి మాటలకి కరువా! ఫోర్స్‌ఫుల్లీ అంటే బల్ల గుద్దినట్టు. ఆవిడ దుప్పటి తప్ప ఏదీ ముట్టుకోలేదాయె. వెహెమెంట్లీ అంటే మొహం ఎర్రబడాలి, చేతులు ఊగాలి. అది రాస్తే మతి సరిగ్గా ఉందో లేదో చూడమని ఇంకో డాక్టర్ని పంపిస్తారు. స్టబర్న్‌లీ అంటే మొండిగా. అది కొడుకు మాట అవుతుంది. రెజల్యూట్లీ అంటే మామ్మగారు కత్తి పట్టుకుని యుద్ధానికి బయల్దేరినట్టుంది. చివరికి ఫర్మ్‌లీ దగ్గర ఆగాను. నేలమీద కాళ్ళు ఆనించి నిలబడ్డ మనిషిలా ఉందది. అది ఆవిడకి సరిపోయింది.

ఇంతలో కొడుకు వరండాలో ఆపాడు. "అమ్మ మెల్లగానే కదండీ అంది? అదే రాయండి. నేనేం అబద్ధం రాయమనట్లేదు" అన్నాడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి పాపం. కోప్పడలేకపోయాను.

ఇక ఇంతసేపూ నాన్చింది చెప్పేస్తున్నా. నేను వెళ్ళి క్వైట్లీ అనే రాశాను, మెల్లగా అని. అది చదివితే ఆవిడ ఊగిసలాడుతోందనే అనుకుంటారు. కొడుకు మీద జాలితో కాదు. ఆవిడ ఇంకొన్ని వారాలు ఇక్కడే ఉంటుందని. ఆవిడ వెళ్ళిపోతే నన్ను తిన్నావా అని అడిగే దిక్కుండదని. ఆవిడ కడుపు మళ్ళీ కోస్తే కోయనీ, నా జడ అల్లే మనిషి నాక్కావాలి అనుకున్నానక్కా. ఛీ! ఒక్కదాన్నే ఉండి ఉండి ఇలా తయారయ్యానా అనిపించింది.

పంపకుండా లేచి ఆవిడ దగ్గరికెళ్ళాను. సొంతంగా నేనేమీ అడగకూడదు. అయినా అడిగాను. "మామ్మగారూ, మీరు మరీ మెల్లగా చెప్పారు. మనసులో అటూ ఇటూ ఏమైనా ఉందా?"

ఆవిడ నవ్వింది. "పెళ్ళయినప్పట్నుంచీ, ఇంట్లో అందరికీ ఏది కావాలంటే నాకూ అదే అన్నదాన్నే పిల్లా. నాక్కావాలి అని నోరు తెరిచి అడగడం ఇదే మొదలు. అరవడం నాకు చేతకాదు. అరిస్తేనే నమ్ముతారా వీళ్ళు?"

వెనక్కొచ్చి క్వైట్లీ చెరిపేశాను. ఫర్మ్‌లీ అని పెట్టి, ఆవిడన్న మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టు కింద చేర్చి, ఇంకో ఆలోచన రాకముందే పంపేశాను.

గురువారం ఆవిణ్ణి ఇంటికి పంపించారు. కొడుకు నా వంక చూడలేదు. చక్రాల కుర్చీ తోస్తూ, తల్లి భుజం మీద శాలువా మాత్రం సర్దుతూనే ఉన్నాడు. నర్సులు కూర్చునే బల్ల దగ్గర హెడ్‌నర్సు ఉంది. పని ఉంటే గది నంబరు చెప్పడమే తప్ప ఆవిడ నాతో ఒక్క మాటా మాట్లాడి ఎరగదు. మామ్మగారు అక్కడ కుర్చీ ఆపించింది. "ఈవిడకి చెప్పవే" అని నాతో అని, నర్సు వంకే చూస్తూ మొదలుపెట్టింది.

"ఈ పిల్లకి ఈ ఊళ్ళో ఎవరూ లేరు. రోజంతా మా అందరి మాటలూ మోస్తుంది, దీన్ని పలకరించేవాళ్ళు లేరు. రోజుకోసారైనా తిన్నావా అని అడగండి."

నర్సు నా వంక తిరిగింది, ఏమంది అన్నట్టు. రోగి అన్న మాట ఒక్కటి కూడా మింగకూడదు, అదే నా ఉద్యోగం. చెప్పాను. నేల చూస్తూ, నా గురించి నేనే, ఇంగ్లీషులో, ఎవరి సంగతో చెప్తున్నట్టు. సగానికొచ్చేసరికి నా మాట నాకే వినపడలేదు.

మామ్మగారికి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా నా చెయ్యి పట్టుకుని ఊపింది. "గట్టిగా చెప్పవే, ఆవిడకి వినపడలేదు."

తలెత్తి మళ్ళీ మొదట్నుంచీ చెప్పానక్కా. ఈసారి ఈ పిల్లకి అనలేదు. నాకు ఈ ఊళ్ళో ఎవరూ లేరు అన్నాను.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క చెల్లి