వీరభద్రుడు చూసుకున్న అద్దం

మార్చి 4
గైడ్ మళ్లీ అదే పాట. మూడో కన్ను చాప్టర్ తీసెయ్యి, లేదా ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. నువ్వు పోల్చిన ఫ్రెంచి తాత్వికుడు ఊహించిన కన్ను నడినెత్తిన తెరుచుకుని, సూర్యుణ్ణి చూసి మాడిపోతుంది. మరి మీ శివుడి కన్ను ఎందుకు మాడదు? దేవుడు కాబట్టి అంటే ఫిలాసఫీ కాదట. తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేది పొట్టు. మేలో కమిటీ ముందు డిఫెన్స్... తియ్యను.

మార్చి 9
ఒక్క ముక్క రాయలేదు. ఒళ్లు మండుతోంది.

మార్చి 15
ఇక్కడి మనవాళ్లు పిస్కాటవేలో పెట్టుకున్న కొత్త గుడి. మొన్నటిదాకా కార్పెట్ల గోడౌన్. పులిహోర ఉంటుందని ఆశపెట్టి రూమ్మేట్ శ్రావణి లాక్కెళ్లింది. వీరభద్రుడి విగ్రహానికి మూడు కళ్లూ తెరిపించే రోజు. మొదటి చూపు మనుషుల మీద పడకూడదని ఎదురుగా అద్దం పెడతారు. అన్నీ తెచ్చారు, అద్దం మరిచిపోయారు. ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. గుడి పనులు చూసే ప్రసాద్ అంకుల్ ఫోన్ తీశారు.

"సెల్ఫీ మోడ్ పెడితే సరిపోద్ది కదండీ, పంతులుగారూ?"

"ఫోను వద్దండీ. అద్దమే కావాలి."

నా హ్యాండ్‌బ్యాగ్‌లో కాంపాక్ట్ ఉంది, మూతలో అద్దం ఉన్న పౌడర్ డబ్బా. పౌడర్ తుడిచి ఇవ్వబోయాను.

"నువ్వే పట్టుకోమ్మా. పక్కకి నిలబడు, ఎదురు రాకు."

పక్కకి జరిగి పట్టుకున్నాను.

తిరిగొస్తూ కార్‌లో తట్టింది. ఆ ఫ్రెంచి కన్ను ఒంటరిది. పైన సూర్యుడు, కింద తను, ఇంకెవరూ లేరు. మన కన్ను తెరుచుకోవాలంటే పక్కన ఒక మనిషి అద్దం పట్టుకుని నిలబడాలి. ఆ కంటి నిప్పు మొదట తనని తాను చూసుకుంటుంది, తర్వాతే లోకాన్ని. మాడకుండా కాపాడేది ఆ పక్కనున్న మనిషి.

"ఏడుస్తున్నావా ఏందే?" అంది డ్రైవ్ చేస్తున్న శ్రావణి. నవ్వుతున్నాను.

మార్చి 16
రాస్తూనే ఉన్నాను. అన్నం మాడింది. మాడనీ.

మే 6
గెలిచాను.
కమిటీలో తెల్లజుట్టు ప్రొఫెసర్ అడిగింది — అద్దం పట్టుకున్న మనిషికి ఏం కనిపిస్తుంది? డబ్బా వెనకవైపు, అన్నాను. అందరూ నవ్వారు. గైడ్ లేచి చెయ్యి కలిపాడు. ఆ చాప్టర్ లేకపోతే థీసిసే లేదట... తీసెయ్యమన్న నోటితోనే. గర్వంగా ఉంది, దాచుకోను. శ్రావణి పిలుస్తోంది — "డాక్టరమ్మా, గిన్నెలు నీ వంతే."

మే 10
గుళ్లోనే ఉండిపోయిన కాంపాక్ట్ ప్రసాద్ అంకుల్ తెచ్చిచ్చారు. పసుపు గుడ్డలో చుట్టి ఉంది. "మళ్లీ వాడుకోవచ్చో లేదో పంతులుగారు చెప్పలేదమ్మా."

ఆ కన్ను మొదట చూసింది ఇందులోనే. దాని మీద అంత రాసి డాక్టరేట్ కొట్టినదాన్ని, మూత తియ్యడానికి భయమేమిటి... భయంగానే ఉంది.

శ్రావణి వచ్చి పక్కన నిలబడింది. "తియ్యవే. నేనున్నా కదా."

కుడిచెయ్యి ఇది రాస్తోంది, ఎడమచెయ్యి మూత మీదే ఉంది —