బాణం రాని వృత్తం

జూలై 3, సోమవారం

మనవరాలు ఈ ఏడు సోషియాలజీ తీసుకుంది. సైన్సు తీసుకోమని వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, సెలవులంతా పోరింది. బస్సుల ఆఫీసులో జమాఖర్చులు రాసే మనిషి. మనుషుల మీద చదువంటే దానికి నమ్మకం లేదు. వాళ్ళ నాన్న మాత్రం ఫోన్లో, దానికేది ఇష్టమైతే అదే అన్నాడు. మా అల్లుడికి వేరే ఊళ్ళో ఫ్యాక్టరీలో ఉద్యోగం. నెలకోసారి వస్తాడు. దూరాన ఉన్నవాళ్ళకి ఔదార్యం తేలిక.

పుస్తకం పిల్లకన్నా ముందు నేనే చదివేశాను. రిటైరయ్యేదాకా లెక్కలు చెప్పినదాన్ని, కొత్త పాఠ్యపుస్తకం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. రెండో పాఠం కుటుంబం. కుటుంబం ఒక సామాజిక సంస్థట. అందులో సంపాదించేవారు, ఆధారపడినవారు అని రెండు రకాలట. నేనే రకమో పిల్ల మొహమాటపడుతూ చెప్పింది. పొద్దున్నే లేచి ఈ సంస్థకి కాఫీ పెట్టేది ఎవరో ఉంటుందేమోనని పాఠం చివరిదాకా వెతికాను. లేదు.

జూలై 7, శుక్రవారం

ఇంట్లో కొత్త మాటలు వినబడుతున్నాయి. స్టేటస్, రోల్, పీర్ గ్రూప్. కూర గిన్నె ఇటు జరపవే అంటే, ఇది జెండర్ రోల్ అమ్మమ్మా అంటోంది.

సాయంత్రం పొడుగమ్మాయి కూడా వచ్చింది. వీధి చివరింటి పిల్ల. ఒకటో క్లాసు నుంచీ మా దానికి జత. ఈ రెండేళ్ళలో ఎంత సాగిందంటే మా గుమ్మం దగ్గర తల వంచి రావాలి. ఇద్దరూ కలిసి నన్ను ఇంటర్వ్యూ చేశారు. పెళ్ళప్పుడు మీ అభిప్రాయం అడిగారా అమ్మమ్మా అంది పొడుగమ్మాయి. అడిగారు, చెప్పాను, ఎవరూ వినిపించుకోలేదు, మూడూ రాసుకో అన్నాను. పడీ పడీ నవ్వారు. మా దాని తల పొడుగమ్మాయి మోచేతికి తగులుతోంది. ఇద్దరికీ ఒకటే పెన్ను.

జూలై 12, బుధవారం

క్లాసులో ఒక సర్వే జరిగిందట. ఎవరికి వాళ్ళు ఓ చీటీ మీద, ప్రాజెక్టులో తమ గ్రూపులో ఎవరుంటే బాగుంటుందో రెండు నంబర్లు రాయాలి. పేర్లు కాదు, రోల్ నంబర్లే. తర్వాత చార్టు మీద ఒక్కొక్కరికీ ఒక వృత్తం గీసి, ఎవరు ఎవరిని కోరుకున్నారో బాణాలు వెయ్యాలి. దాన్ని సోషియోగ్రామ్ అంటారట. ఎవరి చుట్టూ ఎవరు చేరారో, ఎవరు మధ్యలో ఉన్నారో ఇట్టే తెలిసిపోతుందట.

మా కాలంలో ఇంటర్వెల్లో ఆవరణ వైపు చూస్తే తెలిసేది. దానికింత స్టేషనరీ అక్కర్లేదు అన్నాను.

చార్టు గీసే పని మా దానికి ఇచ్చారు. దస్తూరీ బాగుంటుందని. చీటీలన్నీ కవరులో పెట్టుకుని, పెళ్ళిపెద్దలా వచ్చింది.

జూలై 13, గురువారం. సాయంత్రం ఆరు

భోజనాల బల్లంతా చార్టే. వృత్తాలు నాణెం పెట్టి గీసింది, బాణాలకి స్కేలు. గీతలు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, నా దగ్గర చదివిన వాళ్ళలో ఇలా గీసినవాళ్ళు గుర్తు లేరు. మధ్యలో ఓ వృత్తానికి బాణాలు ముళ్ళపందిలా ఉన్నాయి. ఆ పిల్లాడు క్రికెట్ కెప్టెనట. కింద మూలన ఒక వృత్తం ఉంది. దాని లోపలినుంచి రెండు బాణాలు బయటికి పోయాయి. లోపలికి ఒక్కటీ రాలేదు. నంబరు 23.

ఎవరే ఈ మహాతల్లి, స్నానం చెయ్యదా అన్నాను.

పిల్ల నవ్వింది. చేస్తుందనే అనుకుంటున్నా అమ్మమ్మా అంది.

అయితే నోటి దురుసై ఉంటుంది, నాలాగా అన్నాను.

దానికీ నవ్వింది. స్కేలు జరిపి ఇంకో గీత గీసింది.

జూలై 14, శుక్రవారం

ఐడీ కార్డు మేకుకే వదిలేసి స్కూలుకి వెళ్ళిపోయింది. రోల్ నంబర్ 23.

జూలై 17, సోమవారం

శని, ఆదివారాలు ఏమీ రాయలేదు. ఏం రాయను. అది మామూలుగానే ఉంది. నేనే మామూలుగా లేను. దానికి రెండుసార్లు తల దువ్వబోయాను. నేనేం చిన్నపిల్లనా అంది.

ఈరోజు చార్టు క్లాసులో గోడకి అంటించారట. మాస్టారు దాన్ని చూపిస్తూ పాఠం చెప్పాడట. ఎక్కువ బాణాలు వచ్చినవాళ్ళు స్టార్లు. ఒక్కటీ రానివాళ్ళు ఐసొలేట్లు. అది పుస్తకంలో ఉన్న మాటే, నేనూ చదివాను. చదివినప్పుడు ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నానికి దానికి పేరు పెట్టేశారు. ఐసో. చెప్పి తనే నవ్వింది. సినిమా హీరోయిన్ పేరులా ఉంది కదమ్మమ్మా అంది. అన్నం కలుపుతూనే ఉంది, తినలేదు.

జూలై 18, మంగళవారం

కడుపునొప్పని స్కూలు మానేసింది. మా అమ్మాయి మాత్ర ఇచ్చి ఆఫీసుకి పోయింది. దానికింకా ఏమీ తెలీదు.

నేను మంచం పక్కన కూర్చుని అడిగేశాను. పెన్ను నీ చేతిలో ఉంది, చీటీలు నీ దగ్గరే ఉన్నాయి, ఒక్క బాణం వేసుకుంటే ఎవరు చూడొచ్చారే అన్నాను. దిండులో మొహం పెట్టుకునే, అది డేటా అమ్మమ్మా అంది.

ఇలాంటిదాన్ని పట్టుకుని మా అమ్మాయి సైన్సులో చేరలేదని ఏడ్చింది.

కాసేపటికి, నువ్వు రాసిన రెండు నంబర్లూ ఎవరివి అని అడిగాను. ఒకటి పొడుగమ్మాయిది. రెండోది తోచక పక్క బెంచీ అమ్మాయిది రాసిందట. పొడుగమ్మాయి చీటీ మొదట్లోనే విప్పిందట. దస్తూరీ గుర్తుపట్టి, కావాలనే ముందు విప్పిందట. అందులో వేరే ఇద్దరి నంబర్లున్నాయి.

అక్కడితో పిల్ల ఆగలేదు. మిగతా చీటీలన్నీ విప్పి, బాణాలన్నీ గీసింది. నేను పక్కన నిలబడి స్నానం సంగతి అడిగాను.

జూలై 19, బుధవారం

స్కూలుకి వెళ్ళాను. మనవరాలికి చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు.

మాస్టారు కుర్రవాడు. చొక్కా చేతికి సుద్ద అంటుకుని ఉంది. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. దుర్మార్గుడు దొరుకుతాడేమోనని ఆశగా పోయినదాన్ని, మంచివాడు దొరికాడు. మంచివాళ్ళని తిట్టడం కష్టం. అయినా నా వంతు ప్రయత్నం చేశాను.

పేర్లు ఎక్కడా లేవు మేడమ్, అందుకే నంబర్లు పెట్టాం, ఎవరో తెలీకూడదనేగా అన్నాడు.

బాబూ, రోజూ పొద్దున్నే ఆ నంబర్లతోనే హాజరు పిలిచేది తమరే కదా అన్నాను.

నిజంగానే ఆ సంగతి తట్టలేదు అతనికి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చార్టు ఇప్పుడే తీసేస్తాను, క్లాసుతో నేను మాట్లాడతాను, పిల్లని పంపించండి మేడమ్, అంతా నేను సరిచేస్తాను అన్నాడు.

సరిచెయ్యి అన్నాను. ఎలా అని అడగలేదు. ఎవరేం చెప్పినా స్టెప్పులు చూపించమని బోర్డు మీద కొట్టి మరీ అడిగేదాన్ని. అతన్ని అడగలేదు.

జూలై 24, సోమవారం

బతిమాలి పంపించాను. సాయంత్రం వెలిగిపోతూ వచ్చింది. వెళ్ళగానే ఎవరో చోటిచ్చారట. మధ్యాహ్నం డబ్బాలు పంచుకున్నారట. క్రికెట్ కెప్టెన్ కూడా, ఒంట్లో ఎలా ఉందని అడిగాడట. ఐసో అని ఎవ్వరూ అనలేదట. ఎందుకో అందరూ మారిపోయారమ్మమ్మా అంది.

కాలం అన్నీ మారుస్తుందే అన్నాను, ఏమీ ఎరగనట్టు. లోపల మాత్రం నా వీపు నేనే తట్టుకున్నాను. మా అమ్మాయి, ఏంటమ్మా అంత హుషారుగా ఉన్నావు అంది.

జూలై 27, గురువారం. సాయంత్రం ఐదు

మళ్ళీ కవరు తెచ్చింది.

మాస్టారు సర్వే మళ్ళీ చేశాడట. సంబంధాలు ఎప్పుడూ ఒకేలా ఉండవు, మార్పుని కొలుద్దాం అన్నాడట. చార్టు మళ్ళీ నువ్వే గియ్యమ్మా అన్నాడట. పాపం, దాని చేతే గీయిస్తే సంతోషిస్తుందనుకుని ఉంటాడు.

బల్ల మీద చార్టు పరిచింది. వృత్తాలన్నీ గీసుకుంది. మొదటి చీటీ విప్పింది. 23. రెండోది విప్పింది. 23. మూడోదీ అంతే. నాలుగో దాంట్లో 23ని గట్టిగా దిద్ది, కింద రెండు గీతలు కూడా కొట్టారు.

నేను వంటింటి గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ నిలబడిపోయాను. ఆపవే అనాలనుకున్నాను. అది మాత్రం స్కేలు పెట్టి, ఒక్కొక్క బాణం తనవైపు తనే గీసుకుంటూ పోయింది. ఒక్క గీతా వంకర పోలేదు.

అన్నీ అయ్యాక పెన్నుకి మూత పెట్టి, స్కూలుకి వెళ్ళావా అమ్మమ్మా అని అడిగింది.

వెళ్ళాను అన్నాను.

కోప్పడలేదు. మొదటిది కనీసం నిజం అమ్మమ్మా, ఇక నాతో ఎవరు కూర్చున్నా ఎందుకు కూర్చున్నారో నాకు తెలీదు అంది. పరీక్షలో తప్పిన లెక్క గురించి చెప్పినట్టు, అంత నెమ్మదిగా చెప్పింది.

జూలై 28, శుక్రవారం

నాతో మాట్లాడలేదు. డాబా మీద వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడింది.

జూలై 30, ఆదివారం

జిరాక్స్ షాపు దగ్గర పొడుగమ్మాయి ఎదురైంది. నన్ను చూసి తప్పుకోబోయింది. ఆ ఎత్తుకి దాక్కోవడం కుదరదు. చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళి అడిగేశాను, నీకు మా పిల్ల ఏం అపకారం చేసిందే అని.

ఏడ్చేసింది. అమ్మమ్మా, నేనూ అదీ ఎలాగూ కలిసే ఉంటాం కదా, మాతోపాటు ఇంకా ఎవరెవరు కావాలని అడుగుతున్నారనుకుని ఆ ఇద్దరినీ రాశాను అంది. దాని నంబరు కూడా రాయాలని నాకెలా తెలుస్తుంది అంది. ఎన్నిసార్లు చెబుదామన్నా వినట్లేదు, వినకుండా థాంక్స్ చెప్పి వెళ్ళిపోతోంది అంది.

నిజమే చెబుతోంది. పిల్లలు అబద్ధం చెప్పేటప్పుడు మొహం ఎలా ఉంటుందో తెలియడం తప్ప, అన్నేళ్ళ ఉద్యోగం నాకిచ్చింది పెద్దగా ఏమీ లేదు. ఈ పిల్ల అబద్ధం చెప్పడం లేదు.

పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను. ఆయాసపడుతూనే అంతా చెప్పాను. మనవరాలు పుస్తకం మూసి, చివరిదాకా విన్నది. తర్వాత, అలా చెప్పమని నువ్వే చెప్పావా అమ్మమ్మా అని అడిగింది.

కాదే, దేవుడి మీద ఒట్టు అన్నాను.

సరే అంది. నా మనసు కష్టపడకూడదని అంది. నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆగస్టు 2, బుధవారం

మా అమ్మాయికి అంతా తెలిసిపోయింది. అమ్మా, నీకు ఎవరు చెప్పారు వెళ్ళమని, ఒక్క మాట నన్ను అడగొద్దా అంది. అడిగితే వద్దంటావని అన్నాను. మరి వద్దంటే వినొచ్చుగా అంది. పిల్ల వాళ్ళ నాన్న దగ్గర ఉండి చదువుకుంటానంటోంది. అక్కడి స్కూల్లో సోషియాలజీ లేదు, కామర్స్ ఉంది. అదైనా ఫర్వాలేదంటోంది.

సైన్సు అన్నావు, ఇప్పుడు కామర్సుకి ఒప్పుకుంటావా అన్నాను. మా అమ్మాయి నావైపు చూసింది. ఈ ఒక్కసారి వద్దమ్మా అని లేచి వెళ్ళిపోయింది.

నిజానికి నేను జోకు వెయ్యలేదు. వేరే ఏం మాట్లాడాలో తెలీలేదు.

ఆగస్టు 5, శనివారం

అల్లుడు వచ్చాడు, టీసీ తీసుకున్నాడు, మధ్యాహ్నం బండికి బయల్దేరారు. ఉదారంగా ఉండే మనిషి మొహం దగ్గరనుంచి చూస్తే అలిసిపోయి ఉంది. అత్తయ్యగారూ, సెలవులకి తీసుకొస్తాను అన్నాడు.

పొడుగమ్మాయి గేటు దగ్గరికి వచ్చింది, లోపలికి రాలేదు. ఏదో పొట్లం చేతిలో పెట్టింది. మనవరాలు థాంక్స్ అంది. మూడు వారాల కిందటిదాకా ఒకరి జేబులో చెయ్యి ఒకరు పెట్టుకునేవాళ్ళు.

మనవరాలు నా దగ్గరికి వచ్చి, గట్టిగానే కౌగిలించుకుంది. ఆరోగ్యం జాగ్రత్త అమ్మమ్మా అంది. పరాయింటి మనిషితో అన్నంత మర్యాదగా అంది. పోవే మొద్దూ అనాల్సింది. నేనూ, నువ్వూ జాగ్రత్తమ్మా అన్నాను.

ఆగస్టు 9, బుధవారం

మాస్టారు ఇంటికొచ్చాడు. కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు. వచ్చే ఏడు నుంచి ఆ పాఠం వదిలేస్తాను మేడమ్ అన్నాడు. పాఠంలో తప్పు లేదు, చెప్పు, గోడకి అంటించకు అన్నాను. టీ ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ, ఆ అమ్మాయి నా క్లాసులో అందరికన్నా బాగా చదివేది అన్నాడు. ఆ సంగతి దానికి ఎప్పుడైనా చెప్పావా అని అడిగాను. ఖాళీ కప్పు వంటింటి దాకా తనే తెచ్చి పెట్టి వెళ్ళాడు.

ఆగస్టు 20, ఆదివారం

మనవరాలు ఫోన్ చేసింది. ఊరికే చేశానమ్మమ్మా అంది.

మీ అమ్మ చెయ్యమందా అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

అవతల ఫ్యాను చప్పుడులోంచి, లేదు అంది.

మా అమ్మాయి అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉంది. మొహం చూస్తే చెప్పి చేయించిందో లేదో తెలిసిపోతుంది. దాని మొహం కనబడకుండా కిటికీ వైపు తిరిగి, ఇంకా చెప్పవే అన్నాను.