మూడు సెకన్లు ఆగే బొమ్మ

నాన్నకి,

'ప్రియమైన' అని మొదలుపెట్టి కొట్టేశాను. ఆ మాటంటే నాకు ఇష్టం, అందుకే ఇక్కడ వృథా చేయదలచుకోలేదు. నువ్వు పంపిన అంగీకార పత్రం అందింది. నా మాటల రికార్డు వాడుకోవడానికి సోమవారంలోగా సంతకం కావాలట. చెయ్యను. ఎందుకో చదువు. ఉత్తరానికి అడ్డు రాలేవు కాబట్టి ఈసారి చివరిదాకా వింటావు.

పోయిన నెల మీ ల్యాబ్‌కి పిలిచి, వృద్ధాశ్రమం కోసం తయారు చేస్తున్న రోబో ముందు నన్ను కూర్చోబెట్టావు. తల గుండ్రంగా ఉందని మీ వాళ్లంతా దాన్ని గుండు అంటారు. ఎంత మురిపెంగా చెప్పావో. కూర్చున్న మనిషి భుజం కన్నా ఎత్తు ఉండకూడదు, బెదురుతారు. కళ్లలోకే గుచ్చి చూడకూడదు, అప్పుడప్పుడు చూపు పక్కకి తిప్పాలి. ఎదుటివాళ్ల మాట ఆగగానే అందుకోకూడదు. ఇవన్నీ తెలిసిన మనిషివి పంతొమ్మిదేళ్లుగా నా ఎదురుగా కూర్చుని భోంచేశావు.

"ఏదో ఒకటి చెప్పవే, దాని వినికిడి చూడాలి" అని తలుపు వేసి వెళ్లావు. గుండుకి చెప్పాను, ఇంజనీరింగ్ మానేసి సాహిత్యం చదవాలని ఉందని. ఇంట్లో మూడుసార్లు మొదలుపెడితే మూడుసార్లూ నా వాక్యాన్ని నువ్వే నీకు నచ్చినట్టు ముగించావని. అది తల కాస్త వంచి, ఆగి, "తర్వాత?" అంది. ఆ మాట నన్నెవరూ అడగలేదు నాన్నా. ఏడ్చాను.

వారం తిరక్కుండా భోజనాల దగ్గర, "సాహిత్యమా, నీ మొహం. పద్యాలు నంజుకు తింటావా?" అన్నావు. నేనింకా నోరే తెరవలేదు. గుండు రికార్డు చేసిన నా ఏడుపు విన్నావన్నమాట. ఆ మర్నాడే హాస్టల్లో చేరాను. యంత్రం మనిషిలా వింటోంది, మనిషి దొంగలా వింటున్నాడు. ఈ వాక్యం నాలుగుసార్లు దిద్ది రాశాను, గట్టిగా తగలాలని.

వాగుడుకాయ
(నువ్వు పెట్టిన పేరే. ఇంట్లో వాగి ఎన్నేళ్లయిందో గుర్తు తెచ్చుకో.)


వాగుడుకాయకి,

నాకు ఉత్తరాలు రావు. నువ్వు అన్నది కాదనడానికి నాలుగు కాగితాలు చించాను, కుదర్లేదు.

రికార్డు పదకొండుసార్లు విన్నాను. మొదటిసారి మండిపోయింది. ఆ మంటే భోజనాల దగ్గర కక్కాను. ఎదుటి మనిషిని బట్టి ఎంతసేపు ఆగాలో గుండు తనే నేర్చుకుంటుంది. అందరి దగ్గరా ఒక్క సెకను ఆగింది. నీ దగ్గర మూడు. చెడిపోయిందనుకుని, బాగు చేద్దామని మళ్లీ మళ్లీ విన్నాను. అది బాగానే ఉంది. నువ్వే ప్రతి వాక్యం సగంలో ఆగుతున్నావు. ఎవరో అందుకుంటారని చూసి, అందుకోకపోతే అప్పుడు మిగతా సగం చెబుతున్నావు. ఆ 'ఎవరో' ఎవరో నాకు అర్థమైంది.

మా పైఅధికారికి ఆ మూడు సెకన్లు తెగ నచ్చాయి. పెద్దవాళ్లకి అదే కావాలి, అన్ని రోబోలకీ అదే నేర్పు అన్నాడు. సంతకం అడిగింది అందుకే. నిన్న రికార్డు తుడిచేశాను. ఆయన నాతో మాట్లాడటం లేదు. చదువు సంగతి నీ ఇష్టం అని రాయబోయాను. కానీ నువ్వు నాకు చెప్పనేలేదు కదా. తర్వాత?

నాన్న


నాన్నా,

'తర్వాత?' అనేది గుండు మాట. దాని నోట్లోది తీసి నాకు వడ్డించకు.

తుడిచేశానని గొప్పగా రాశావు. నన్ను అడిగావా? అది నా గొంతు. సగంలో ఆగిపోయే ముసలమ్మ ఎవరో ఒకావిడ ఉంటుంది, ఆమె కోసం ఇచ్చేదాన్నేమో. ఆ వాక్యం కూడా నువ్వే ముగించేశావు.

కోపం తగ్గిందని అనుకోకు. ఆదివారం ల్యాబ్‌కి వస్తాను. గుండు ముందు కూర్చుని అంతా మొదటినుంచీ మళ్లీ చెబుతాను, సంతకం కూడా అక్కడే పెడతాను. ఈసారి నువ్వూ గదిలోనే ఉండు. గుండు పక్కన, నా భుజానికి మించకుండా వంగి కూర్చో. నేను ఆగినప్పుడు మనసులో లెక్కపెట్టు.

మూడు దాటినా నోరు తెరవకు.

నీ కూతురు