సామర్లకోటకు సూర్యోదయం ఇప్పించవలసిందిగా

సంచాలకులు ఉదయ్‌భాస్కర్ గారి సముఖమునకు,
కంప్యూటర్ కేంద్రం, ఇంజనీరింగ్ కళాశాల, కాకినాడ.

తేది: కార్తీక బహుళ పంచమి (పాత కంపైలర్ ప్రకారం)

అయ్యా,

విషయం: కొత్త కంపైలర్‌లో డిగ్రీల సైను, కొసైను, టాంజెంటు లేనందున పంచాంగ గణితం నిలిచిపోవుట, వాటిని తిరిగి నెలకొల్పమని వేడుకొనుట – గురించి.

సామర్లకోట వాస్తవ్యుడు, పంచాంగకర్త సూర్యప్రకాశ సిద్ధాంతి వ్రాసుకొను అర్జీ. ఆదివారాలు తమ కేంద్రంలో ఒక కంప్యూటరు వాడుకోవడానికి కళాశాల వారు నాకు అనుమతి ఇచ్చియున్నారు. తమకు ముందు ఆ కుర్చీలో ఉన్న గంగాధర్ గారు ఫోర్ట్రాన్ భాషలో రాసి పెట్టిన ప్రోగ్రాంతోనే ఏటేటా పంచాంగం కడుతున్నాను. ఆ ప్రోగ్రాంను యంత్రం భాషలోకి తర్జుమా చేసే కంపైలర్‌ను గత నెల తమరు మార్పించారు. నాటి నుండి నా బాధలు ఈ క్రింది విధంగా ఉన్నవి.

1. పాత కంపైలర్ కోణాన్ని డిగ్రీలలో ఇచ్చినా పుచ్చుకునేది. కొత్తది రేడియన్లు తప్ప ముట్టదు. డిగ్రీల సైను అనగానే అటువంటి ఫంక్షన్ ఎరుగనంటున్నది. రాశికి ముప్పై డిగ్రీలు, పన్నెండు రాశులకు మూడు వందల అరవై. ఏ గ్రహమైనా రేడియన్లలో నడుస్తున్నట్లు మా గ్రంథాలలో దాఖలా లేదు.

2. తమ సహాయకురాలు వెంకటదుర్గ, "ఏంటండి సిద్ధాంతిగారూ, ప్రతి కోణాన్నీ పై (π) విలువతో గుణించి నూట ఎనభైతో భాగిస్తే సరిపోద్దండి. దానికింత గొడవెందుకండి?" అన్నది. మంచి పిల్ల, పక్కన కూర్చుని సాయం కూడా చేసింది. ఇద్దరం కలిసి ప్రోగ్రాం అంతా మార్చితిమి, ఒక్కచోట తప్ప. సదరు చోటు సామర్లకోట అక్షాంశం. పదిహేడు డిగ్రీలను యంత్రం పదిహేడు రేడియన్లు అనుకుని, మా ఊరిని ఉత్తర ధ్రువం దాపున పెట్టింది.

3. తత్ఫలితముగా జ్యేష్ఠంలో సూర్యుడు అస్తమించలేదు. ధనుర్మాసం నెల్లాళ్లూ ఉదయించలేదు. రథసప్తమి ఆయన పుట్టినరోజు కదా, ఆ రోజైనా వస్తాడనుకుంటే సూర్యోదయం గడిలో "సంఖ్య కాదు" అని ఉన్నది. ప్రూఫు చూసి రాజమండ్రి ప్రెస్సు అమ్మిరాజు ఫోన్ చేశాడు. "ఏంటండి బాబూ, చలికాలమంతా పొద్దే పొడవదా అండీ? ఇలా అచ్చేస్తే జనం నన్ను ప్రెస్సులోంచి లాక్కెళ్లి కొడతారండి!" నాకు నవ్వు రాలేదు. ఆ ఒక్కచోటు దిద్దినా, మారని డిగ్రీ ఇంకెక్కడ దాగి ఉన్నదో ఎవరికెరుక? ఉగాదికి పుస్తకం బయటికి రాకపోతే భీమేశ్వరస్వామి గుడి అర్చకులు మొదలు పెద్దాపురం పురోహితుల దాకా అందరూ ఇంకొకరి పంచాంగం కొనుక్కుంటారు. ఒకసారి మారినవారు మళ్లీ వెనక్కి రారు.

4. తమను కలిసి మొరపెట్టుకోగా, "మనం పాటించే ఫోర్ట్రాన్ ప్రమాణంలో అది లేదండి" అని సెలవిచ్చితిరి. శాస్త్రం పలకని చోట పెద్దల ఆచారమే ప్రమాణమని మా ధర్మశాస్త్రం. పెళ్లిలో బిందెలో ఉంగరం తీయించడం ఏ సూత్రగ్రంథంలో ఉన్నది? లేదని మానిపిస్తే ఆడవాళ్లు ఊరుకుంటారా?

5. "ప్రమాణంలో లేనివి వాడితే ఇక్కడ నడిచిన ప్రోగ్రాం ఇంకోచోట నడవదండి" అని కూడా అన్నారు. అయ్యా, నా పంచాంగమూ అంతే. సామర్లకోటకు కట్టింది కాశీలో పనికిరాదు. అందుకు కాశీవారు ఏనాడూ నామీద ఫిర్యాదు చేయలేదు. పైగా, "ఇవాళ మీకు డిగ్రీలిస్తే రేపు ఇంకొకరు ఘడియల్లో సైను అడుగుతారు" అన్నారు. అడిగినవాణ్ణి నా దగ్గరకు పంపండి, నేనే కేకలేసి పంపేస్తాను.

6. నూట ఎనభై డిగ్రీల సైను ఎంత అంటే పాతది నిండు సున్నా ఇచ్చేది. ఇప్పుడు రేడియన్లలోకి మార్చి అడిగితే, చుక్క పక్కన పదిహేను సున్నాలు పెట్టి ఆపైన ఏదో అంకె చూపుతున్నది. అది సున్నానే అనుకోండి అంటున్నది వెంకటదుర్గ. అనుకోవడానికి లెక్కలెందుకు?

7. చేత్తో కట్టుకోవచ్చు కదా అని తమకు తోచవచ్చు. వెనకటికి అలాగే కట్టేవాణ్ణి. శుక్లాలు తీయించుకున్నా చిన్న అంకెలు అలుక్కుపోతున్నవి. మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియడం లేదు. ఆ ప్రోగ్రామే నా కళ్లు. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

కావున తమరు దయయుంచి, కొత్త కంపైలర్‌లో డిగ్రీల ఫంక్షన్లకు చోటిప్పించమనిన్నీ, అది వీలుకానిచో నా ఒక్క కంప్యూటరులోనైనా పాతదాన్ని ఉండనివ్వమనిన్నీ ప్రార్థన. సామర్లకోటలో సూర్యుడు మామూలుగా ఉదయించు నిమిత్తం ఈ మనవిని తీరిక చేసుకుని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సూర్యప్రకాశ సిద్ధాంతి

తా.క.: నిన్న తమ శ్రీమతి వరహాలక్ష్మి గారు ఫోన్ చేసి, "సిద్ధాంతిగారూ, మా హరిచందన ముహూర్తం ఎప్పుడిస్తారండీ? కార్డులు అచ్చుకివ్వాలండి" అని అడిగారు. తమ ప్రమాణాన్ని మన్నించి తెలియజేయునది: చి.ల.సౌ. హరిచందన వివాహం కన్యాలగ్నంలో, సదరు లగ్నం ప్రారంభం 2.618 రేడియన్లు. శుభలేఖ మీద అలాగే వేయించగలరు.

వేళాకోళానికి కోప్పడకండి. అసలు ముహూర్తం, గంటలు నిమిషాలతో సహా, వేరే కాగితం మీద రాసి దీనికి పిన్ను చేశాను, అమ్మగారికి ఇవ్వండి. అది యంత్రంతో కట్టింది కాదు. భూతద్దం పెట్టుకుని చేత్తో కట్టి, వెంకటదుర్గ చేత అంకెలు పైకి చదివించుకుని సరిచూశాను. మీ అమ్మాయి ముహూర్తం ఒక్కదానికీ కళ్లు ఎలాగో సహకరించాయండి. ఏడాది మొత్తానికి సహకరించవండి.