పై గీత దాటిన ఆయిల్

మణికొండ,
బుధవారం.

ప్రవీణా,

తప్పు నీదే. హైవే మీద పరుగెత్తాల్సిన డీజిల్ బండిని కొని, రెండు కిలోమీటర్లకు మించి తిప్పని మొగుడి చేతిలో పెట్టావు.

ఇక్కడ నేను క్షేమం. సూర్యాపేటలో నువ్వూ అత్తయ్యా క్షేమమని రాసుకోవడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు.

పొద్దున "బండి తీయకు" అని మెసేజ్ పెట్టాను. "కారణం లేకుండా ఆజ్ఞలేమిటి? శనివారం అమ్మను డాక్టరుకు చూపించాలి, తీస్తాను" అన్నావు. ఫోన్ చేస్తే నేను వాదిస్తాను, వాదిస్తే గెలుస్తాను. అందుకే కాగితం మీద రాసి, సూర్యాపేట తిరిగి వస్తున్న మీ కాలేజీ లింగమూర్తి గారి చేతికిస్తున్నాను.

ఆయన తెచ్చిన నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు. స్టీరింగ్ ముందు పసుపు దీపం ఎన్నాళ్ళుగా వెలుగుతోంది? మూడు నెలలుగా. ఆయిల్ ఎవరికైనా చూపించావా? చూపించాను. అదే నీకు చెప్పలేదు.

పుప్పాలగూడ మెకానిక్ సాయిలు ఇంజన్‌లో ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి వాసన చూశాడు. ఆయిల్ కడ్డీ మీది పై గీత దాటి ఉంది.

"లోపలికి డీజిల్ దిగింది సార్. మొత్తం మార్చాలె."

"తగ్గితే మార్చమంటారు, పెరిగినా మార్చమంటారా? ఇదేం దోపిడీ?"

"దోపిడీ ఏంది సార్! పొగ గొట్టం జాలీల మసి పడ్తది. అది కాల్చుకోనీకి బండి ఎక్కువ డీజిల్ తీస్కుంటది, ఇరవై నిమిషాలు ఉరకాలె. మీరు పది నిమిషాలకే బంద్ చేస్తరు. కాలని డీజిల్ ఆయిల్ల కలుస్తది. గిట్లనే పెరిగితే ఇంజన్ ఆ ఆయిలే తాగి ఉరుకుతది. తాళం తీసినా ఆగది."

భయం అమ్ముకునే కంపెనీల మీద అతనికి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. చేతులు తుడుచుకుంటూ విన్నాడు. "కార్మికుల మీటింగుల మా తరఫున మంచిగ మాట్లాడ్తరు సార్. జర మా మాట గూడ ఇనుండ్రి" అన్నాడు. వినలేదు.

మొన్న ఆదివారం, కంటి ఆపరేషన్ అయిన అత్తయ్యను సూర్యాపేట తీసుకెళ్ళడానికి తాళం అడిగావు. ఇచ్చేశాను. సాయిలు మాట చెబితే, బండి ఎందుకు అలా అయిందో కూడా చెప్పాలి. "ఆర్టీసీని మనమే కాపాడుకోవాలి" అని రెండేళ్ళుగా నిన్ను బస్సెక్కించి, నడిచి వెళ్ళగలిగే ఆఫీసుకు నేను నీ కారులో పోతున్నాను ప్రవీణా. నోరు రాలేదు.

చౌటుప్పల్ దాటాక ఇంజన్ కాసేపు దానంతటదే అరిచిందని రాశావు. వెనక సీట్లోంచి అత్తయ్య "కాలు తియ్యవే" అంటే, "తీసే ఉన్నానమ్మా" అన్నావట. ఆ ఒక్క మాట పదిసార్లు చదివాను. మళ్ళీ అదే రోడ్డు, కంటికి కట్టుతో అదే అత్తయ్య, ఆగని ఇంజన్.

అందుకని నా డిమాండ్లు:

శనివారం బండి తీయకు. పక్క వీధికైనా సరే, ఎవరికీ తాళం ఇవ్వకు.

అత్తయ్యను డాక్టరు దగ్గరికి టాక్సీలో తీసుకురా.

శుక్రవారం సాయిలును తీసుకుని వస్తున్నాను. అతను చెప్పిందే చేద్దాం. నేను మాట్లాడబోతే ఆపు.

బాగయ్యాక బండి నీ దగ్గరే ఉంచుకో. బస్సు నేనెక్కుతాను.

నన్ను తిట్టడం తర్వాత. ఇది చదవగానే ముందు "తీయలేదు" అని ఒక్క మాట పంపు.

ఇట్లు,
ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్న నీ భర్త,
ఉదయ్ భాస్కర్