సగం దొరికిన హంసల అంచు

జూన్ 2, సోమవారం

పోయాయి. నేనే తుడిచేశాను.

నాయన నలభై ఏళ్లుగా పట్టుచీరల అంచులకు గీసిన గ్రాఫు కాగితాలు — వాటి ఫోటోలు, రెండు వందల పన్నెండు. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపిస్తే ఒకటి నకలనుకున్నాను. షిఫ్ట్ నొక్కి మరీ డిలీట్. రెండోది తెరిస్తే ఖాళీ.

చెదలు పట్టిన ఆ కాగితాలను పోయిన నెలే తగలబెట్టాం. నాయన చెయ్యి ఇప్పుడు వణుకుతుంది. మళ్లీ గీయలేడు...

కంప్యూటరు ఆపేశాను. ముట్టుకోను.

సాయంత్రం

పెనుకొండ స్కూల్లో నాతో పనిచేసే సునీతకు ఫోన్ చేశాను. హిందూపురంలో రేష్మా అని ఒకామె పోయిన ఫైళ్లు వెనక్కి తెస్తుందట. "ఏడ్చుకుంటా కూచోవద్దు, పొద్దున్నే రైలెక్కు. నేనూ పెనుకొండలో ఎక్కుతా."

అన్నం దగ్గర నాయన — "ఏం పాపా, పటాలన్నీ భద్రంగా ఉండాయి కదా?" ఊఁ అన్నాను.

జూన్ 3

ధర్మవరం నుంచి, కంప్యూటరులోంచి తీయించిన డిస్కును తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. సునీత ఉగ్గాని పొట్లం తెచ్చింది. తినలేదు.

రేష్మా అడిగిన మొదటి మాట — "తుడిచినాక దీంట్లో ఇంకేమన్నా ఎక్కించినారా అక్కా?"

లేదన్నాను. నవ్వింది. "అయితే డబ్బాలో బియ్యం అట్లే ఉండాయి. మీరు చించింది పైన చీటీని."

ముందు డిస్కు మొత్తానికి నకలు తీసింది. వెతుకులాట ఆ నకలు మీదే. తొమ్మిది శాతం... పదకొండు... ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

వచ్చింది! మామిడిపిందెల అంచు! మూలన నాయన బొటనవేలుతో సహా! సునీత చప్పట్లు. వెనకే ఇంకొకటి, ఇంకొకటి — పేర్లు పోయాయి, ఉత్త నంబర్లు. ఏమైతేనేం!

తిరుగు రైల్లో ఉగ్గాని మొత్తం నేనే తిన్నాను.

జూన్ 4

రేష్మా ఫోన్. నూట తొంభై ఎనిమిది పూర్తిగా దొరికాయి. పదమూడు లేనే లేవు. ఒకటి సగం.

జూన్ 5

హిందూపురం వెళ్లి ఫోటోలు తెచ్చాను. మూడు చోట్ల దాచాను. దాచాకే నాయనకు చెప్పేశాను, అంతా.

తెర మీది మొదటి పటాన్ని వేలితో తడిమాడు. తర్వాత — "తుడిచినా పోలేదంటే గట్టి పటాలే." అన్నీ చూస్తానని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

సగం దొరికినది వచ్చింది. పైన హంసల వరుస, కింద అంతా బూడిదరంగు.

"ఇది నేను గీసింది కాదు."

"మరెవరిది?"

నాయన వంటింటి వైపు చూశాడు. "మీ అమ్మది. చీరలు నేయించే షావుకారికి నాదని చెప్పి ఇచ్చినా."

అమ్మ! మగ్గం పనిలో దారం కండెలు చుట్టడం తప్ప మరేమీ చేయగా నేనెప్పుడూ చూడని మా అమ్మ!

చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తెర వైపు వంగింది. "కింద యాడికి పోయింది?"

"రాలేదమ్మా. పోయింది."

"పోనీ. నాకు తెలుసు."

జూన్ 6

గ్రాఫు కాగితాలు, పెన్సిళ్లు కొన్నాను. దుకాణం నుంచి పరుగులాంటి నడక.

అమ్మ చాప మీద కూర్చుని, పెదవులు కదుపుతూ గళ్లు లెక్కపెడుతోంది. చెయ్యి ఎంత తిన్నగా పోతోందో! "మిగతావాట్లో ఇంకెన్ని నీవి అమ్మా?" అంటే — "మాట్లాడద్దు, గళ్లు తప్పుతాయి."

నాయననడిగాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

జూన్ 7

ఈ పూట వంట నాది. పప్పు మాడింది. అదే తిన్నారు.

జూన్ 8, ఆదివారం

హంసల కింద తీగ దిగింది. నాయన కాసేపు చూసి, మెల్లగా — "అప్పుడు ఈ తీగ ఎడమకు తిరిగినట్టుండె."

"అప్పుడు నువ్వు తిప్పమన్నావు" అంది అమ్మ, తలెత్తకుండా.

నాయన పెన్సిలు అందుకుని, మళ్లీ చాప మీద పెట్టేశాడు.

తీగ కుడికే పోతోంది. కాగితం అంచు దాకా వచ్చేసింది. అమ్మ ఇంకో కాగితం అడిగింది.